డాక్టరుగారి తప్పేం లేదు

ఏ పాపమూ ఎరగని ఒక డాక్టరుగారిని సుమారు యాభై ఏళ్ళపాటు ద్రోహి అని చాటుతూ వచ్చినవాణ్ణి నేను. మైకు పట్టుకుని నూజివీడు సినిమాహాల్లో చాటాను, ముసునూరు హైస్కూల్లో ఖాళీ పీరియడు దొరికినప్పుడల్లా చాటాను, పెళ్ళిళ్ళలో రెండో బంతి కోసం ఎదురుచూసేవాళ్ళకు కాలక్షేపంగా చాటాను. ఆయన నామీద పరువునష్టం దావా వేయలేదంటే అందుకు కారణం ఆయన సినిమాలోని మనిషి కావడమూ, ఆ సినిమా తీసినవాళ్ళకు తెలుగు రాకపోవడమూ. నాకు ఇంగ్లీషు అంతగా రాకపోవడం మూడో కారణం. అది ఒప్పుకోవడానికి నాకు డెబ్బై ఆరో ఏడు రావలసివచ్చింది.

ఈ వేసవి మొదట్లో, భోజనం చేసి వరండాలో పడక్కుర్చీలో వాలి, ఫోనులో దేనికోసమో వెతుకుతూ మరి దేంట్లోనో పడిపోయే నా అలవాటు చొప్పున వేలు జారుతూ జారుతూ పోతుంటే, పొగమంచులో ఒక ఓడరేవు, కూలిన గోడల మధ్య కుంటుకుంటూ నడిచి వస్తున్న ఒక సిపాయి కనిపించారు. చూడగానే గుర్తుపట్టాను. అయితే ఒక అనుమానం కలిగింది. మేము చూసిన సినిమాలో మొదటి నుంచి చివరిదాకా వాన కురుస్తూనే ఉంటుంది, ఇందులో ఒక్క చినుకు లేదు. కాసేపటికి గాని తట్టలేదు, అది వాన కాదు, ఊరూరా తిరిగి మా ఊరు చేరేసరికి రీళ్ళ మీద పడ్డ గీతలని. ఆ రోజు హాల్లో ఎవరో “మాస్టారూ, ఇళ్ళల్లో కూడా వానేంటండీ?” అని అడిగితే, “యుద్ధంలో కప్పులు ఎగిరిపోయాయి కదండీ” అని నేను మైకులో తడుముకోకుండా చెప్పిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. అబద్ధానికి తడబాటు ఉండకూడదని నాకు అంత చిన్న వయసులోనే తెలుసు.

కొత్తవాళ్ళకు ఇదంతా వింతగా ఉంటుంది కనుక కొంచెం వెనక్కి వెళతాను. మా అక్క మొగుడు, అంటే మా బావగారు, నూజివీడులో ఒక సినిమాహాలుకు ఆపరేటరు. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు తీసిన సినిమా మా దాకా వచ్చేసరికి దాని హీరోకి కూడా మనవలు పుట్టి ఉంటారు. ఎప్పుడు వచ్చినా జనం మాత్రం వచ్చేవారు కాదు, వచ్చినవాళ్ళు అరగంటలో లేచి పోయేవారు. భాష తెలియని సినిమా ఎవరు చూస్తారు చెప్పండి. మా బావగారికి ఒక ఉపాయం తోచింది. తెర పక్కన ఒక స్టూలు, ఒక మైకు, ఒక చదువుకున్నవాడు. బొమ్మ ఆడుతుంటే వాడు తెలుగు చెబుతాడు. చదువుకున్నవాడు ఇంట్లోనే ఉన్నాడు కనుక వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. నేను బి.ఏ. ప్యాసై ముసునూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నేను విన్న ఇంగ్లీషు అంతా నేను మాట్లాడిందే కాబట్టి అది నాకు బాగా అర్థమయ్యేది.

సినిమాతో పాటు ఒక కాగితం వచ్చేది, అందులో కథ సంక్షిప్తంగా అచ్చువేసి ఉండేది. శనివారమంతా దాన్ని బట్టీపట్టి, ఆదివారం స్టూలు ఎక్కేవాణ్ణి. సినిమా నలుపు తెలుపు. నలుపు తెర మీద ఉంటే, తెలుపు నా వంతు. నేను చెయ్యి ఎత్తగానే మా బావగారు క్యాబిన్‌లోంచి చూసి సినిమా గొంతు తగ్గించేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి, చెయ్యి దించగానే మళ్ళీ పెంచేవారు. ఈ ఏర్పాటులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. నేను చెప్పేది తప్పో ఒప్పో పోల్చి చూసుకునే వీలు ఎవరికీ ఉండేది కాదు. చిక్కల్లా ఒక్కటే. ఆ కాగితంలో కథ మంచి పట్టులోకి రాగానే, తరువాత ఏమైందో వెండితెర మీదే చూడండి అని రాసి ఆపేసేవారు. చూసేవాళ్ళందరూ నన్ను చూస్తుంటే నేను ఎవర్ని చూడాలి?

అంతవరకూ వచ్చినవన్నీ గుర్రాల మీద తిరిగే సినిమాలు, చివర్లో ఎవరు కిందపడితే వాడే చెడ్డవాడు. ఈ ఓడరేవు సినిమా అలాంటిది కాదు. సిపాయి యుద్ధం నుంచి తిరిగి వస్తాడు. వాడి తమ్ముడు యుద్ధకాలంలో ఒక ఇంటి అటక మీద దాక్కుని ఉంటే, ఆ ఇంట్లోవాళ్ళే ఎవరో శత్రువులకు పట్టించారు, తమ్ముడు చచ్చిపోయాడు. ఎవరు పట్టించారో తెలుసుకుందామని సిపాయి పేరు మార్చుకుని అదే ఇంట్లో ఒక గదిలో అద్దెకు దిగుతాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ సంచి పట్టుకుని తిరిగే ఒక డాక్టరు ఉంటాడు, అందరికీ సూపు కాచి పోసే ఇంటావిడ ఉంటుంది, ఆవిడ కొడుకు యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. నా కాగితంలో ఉన్నది ఇంతే.

ఆ ఆదివారం సంగతి వేరు. ఉంగుటూరులో ఒక సంబంధం కుదిరేట్టుంది. పెళ్ళికూతురి తండ్రి రిటైరవబోతున్న హెడ్మాస్టరు, ఆ తరువాత మా మామగారు. పిల్ల మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు అప్పుడే పూర్తిచేసింది. వాళ్ళకు నా జీతం నచ్చింది, కుటుంబం నచ్చింది, ఒక్క నా ఇంగ్లీషు మీదే ఆయనకు నమ్మకం కుదరలేదు. బి.ఏ. అని రాసుకున్నవాళ్ళలో చాలామందికి ఏ, బీలు తప్ప ఏమీ రావని ఆయన వాదన. మా బావగారు ఊరుకుంటారా? “మా బావమరిది ఇంగ్లీషు సినిమాని సినిమా లాగా తెలుగులో చెబుతాడండీ, వచ్చి వినండి, వినకుండా మాట్లాడకండి” అని కబురు పంపారు. ఆయన నిజంగానే బయల్దేరారు. పొద్దున్నే వాళ్ళ ఊళ్ళో చర్చిలో ఆరున్నర పూజ చూసుకుని, బస్సెక్కి, హనుమాన్ జంక్షన్లో మారి, కూతుర్ని వెంటబెట్టుకుని ఆటకు ముందే దిగారు. పిల్ల ఆడవాళ్ళ వైపు మా అక్క పక్కన కూర్చుంది. ఆయన మాత్రం మైకుకు దగ్గరగా, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు లాగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. బాగా చెబితే పెళ్ళి, లేకపోతే లేదు. స్టూలు మీద నా కాళ్ళు నేలకు అందేవి కావు. ఆ రోజు మనసు కూడా అందలేదు.

మామిడికాయల సీజను కావడంతో హాలు నిండింది. మేలుకాయ ఏరి లారీలకు ఎక్కించి విసిగిపోయిన షావుకార్లు కూడా కాసేపు నీడపట్టున కూర్చుందామని వచ్చారు. మా కతోలికులకు పూజ పెందలాడే అయిపోతుంది గనుక మొదటి నుంచీ ఉన్నారు. ప్రొటెస్టెంటు సోదరులకు ఆరాధన వదిలేసరికి ఆలస్యమవుతుంది గనుక వాళ్ళు సగంలో వచ్చి, మొదటి సగం ఏమైందో చెప్పమన్నారు. ఇంటర్వెల్లో వాళ్ళకు వేరుగా ఒక ఆట ఆడాను. ఊళ్ళో రసాలకు కొదవ లేదు, నా చెప్పడంలో కూడా ఆ రోజు ఏ రసానికీ లోటు రానివ్వలేదు. సిపాయి ఏడిస్తే నేనూ ఏడుపు గొంతు పెట్టాను. తెర మీద పెద్దమనిషి ఒకడు చాలాసేపు మాట్లాడితే నేను ఒక్క ముక్కలో తేల్చేశాను, వెనక నుంచి “అంత పొడుగు మాట్లాడితే మాకు ముక్కేనా మాస్టారూ? మిగతాది మీరుంచుకున్నారా?” అని కేక వినిపించింది. అందుకని, ఆ తరువాత డాక్టరు ఊరికే ‘నో’ అంటే దాన్ని నాలుగు వాక్యాలు చేసి లెక్క సరిపెట్టాను.

చివరికి వచ్చేశాం. పొగమంచులో డాక్టరు సంచి పట్టుకుని పరుగెత్తుతున్నాడు, వెనక పోలీసులు ఈలలు వేస్తున్నారు, రేవు దగ్గర పట్టుకున్నారు, సంచి కింద పడి సీసాలు పగిలాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. పరుగెత్తినవాడు దొంగ కాకపోతే ఎందుకు పరుగెత్తుతాడు? చెయ్యి ఎత్తి, మామగారి వైపు చూస్తూ, ద్రోహి దొరికాడు, ఆ అటక మీది పిల్లాణ్ణి శత్రువులకు అమ్మినవాడు ఈ డాక్టరేనని గొంతు చించుకుని ప్రకటించాను. హాలంతా చప్పట్లు మోగాయి. మామగారు కట్టుకున్న చేతులు విప్పారు.

అయితే సినిమా అయిపోలేదు. ఇంటావిడ వంటింట్లో బల్ల మీద రెండు గిన్నెల్లో సూపు పోసి పెట్టింది. సిపాయి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టి ఆపదే! రెండు నిమిషాలు, నిలకడగా, ఏడవకుండా మాట్లాడింది. అందులో నాకు ‘కొడుకు’ అనే మాట తప్ప ఒక్కటీ అంతుపట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. ఎత్తలేదు గనుక మా బావగారు గొంతు తగ్గించలేదు. ఆ రెండు నిమిషాలూ హాలంతా సినిమా తన గొంతుతో తాను మాట్లాడింది. తరువాత సిపాయి టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు, ఇద్దరు పోలీసులు లోపలికి వచ్చారు, ఆవిడ కొంగు లాంటిదేదో సర్దుకుని లేచింది. అప్పుడు చెయ్యి ఎత్తి, కొడుకు కోసం ఎదురుచూసే ఆ తల్లికి వాడి కబురు తెచ్చారు పోలీసులు అని చెప్పి, కళ్ళు తుడుచుకుని, స్టూలు దిగాను.

బయట సోడాబండి దగ్గర అభిప్రాయాల సభ జరిగింది. ఆ రోజుల్లో సినిమా మీద అభిప్రాయం అంటే అదే, ఎండలో నిలబడి, గోళీసోడా చేత్తో పట్టుకుని, ఎదుటివాడి మొహం చూస్తూ చెప్పవలసింది. పాటల్లేకుండా ఇంతసేపు కూర్చోబెట్టాడంటే మామూలు మొనగాడు కాదు అన్నారు ఒకరు. ఆ దేశంలో వానలకు పంటలెలా పండుతాయో అని దిగులుపడ్డారు మరొకరు. అప్పుడు మామిడికాయల షావుకారు ఒకాయన, సగం సోడా తాగి, నెమ్మదిగా అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“ఏమోనండి మాస్టారూ, నాకు ఇంగ్లీషు ముక్క రాదుగానీ, ఆ ఇంటావిడ మీదే నాకు డౌటు. ఊరంతా రొట్టెముక్క కోసం క్యూలో నిలబడితే ఆవిడ వంటింట్లో బుట్ట నిండా ఉల్లిపాయలేంటండీ? సరుకు ఊరికే రాదు. ఎవరో ఇవ్వాలి. ఎందుకిచ్చారు?”

కాయ చూడకుండా తోట చూసే ధర చెప్పగల మనిషి ఆయన. నేనేం చేశాను? అదంతా ఇంగ్లీషులో వివరంగా చెప్పారు షావుకారుగారూ, మీకు అందలేదు అన్నాను. ఆయన వెంటనే తగ్గిపోయారు. “మీరు చదువుకున్నోరు, మీకు తెలీదా” అని మిగతా సోడా తాగేసి లారీ దగ్గరికి వెళ్ళిపోయారు. మామగారు నా పక్కనే నిలబడి ఇదంతా విన్నారు. కూతుర్ని పిలిచి ఎలా ఉందమ్మా అని అడిగారు. ఆవిడ తల ఎత్తకుండా, “సినిమా కంటే ఈయన చెప్పిందే బాగుంది నాన్నా” అంది. అక్కడే సంబంధం ఖాయమైపోయింది. అంత ముద్దుగా మెచ్చుకున్న పిల్లను ఎవరు కాదనుకుంటారు.

ఇక ఆ తరువాత నేను ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ డాక్టరు కాస్త ఎక్కువ దుర్మార్గుడయ్యేవాడు. ఒక్క విషయం మాత్రం అప్పట్లో గమనించలేదు. ఇంట్లో ఎప్పుడు చెప్పినా, డాక్టరు సంచి పట్టుకుని పరుగు మొదలుపెట్టే చోటికి రాగానే మా ఆవిడ “అయ్యో, పొయ్యి మీద పాలున్నాయి” అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. యాభై ఏళ్ళు సరిగ్గా ఒకే చోట పాలు పొంగే ఇల్లు మాది. మంచి శకునం అనుకునేవాణ్ణి.

వరండాలో కూర్చుని ఫోనులో సినిమా చివరిదాకా చూశాను. ఇప్పుడు మాటలు కింద అక్షరాలుగా కూడా పడుతున్నాయి, నాలాంటి ఇంగ్లీషు మాస్టర్ల సౌకర్యం కోసమే కాబోలు. డాక్టరు పరుగెత్తింది నిజమే. ఆసుపత్రి మందులు దొంగతనంగా తెచ్చి పేదవాళ్ళకు ఇస్తున్నాడు పాపం, అందుకు పరుగెత్తాడు. అటక మీది పిల్లాణ్ణి పట్టించింది ఇంటావిడ. ఆ కుర్రాణ్ణి చూపిస్తే నీ కొడుకును విడిచిపెడతామన్నారు శత్రువులు, చూపించింది, కొడుకు రాలేదు, సరుకు మాత్రం వచ్చింది. ఆ రెండు నిమిషాల మాటల్లో ఆవిడ చెప్పుకున్నది అదే. పోలీసులు తెచ్చింది కబురు కాదు, సంకెళ్ళు.

సినిమా కింద జనం అభిప్రాయాలు వేల కొద్దీ ఉన్నాయి. ఆ నీడలు తీసిన చేతులకు దణ్ణం పెట్టాలన్నారు ఒకరు. మొదటి అరగంట సాగదీశాడన్నారు మరొకరు. ఇంటావిడ ద్రోహి కాదు తల్లి అని ఒకావిడ, తల్లి అయితే ఎదుటి తల్లి బిడ్డ సంగతేమిటని ఇంకొకాయన, ముక్కూమొహం తెలియకుండా నలభై జవాబుల పొడవునా కొట్టుకున్నారు. ఈ ఏడాది ఇది ఎవరెవరు చూస్తున్నారు అని హాజరు తీసుకున్నవాడు కూడా ఉన్నాడు. కిందికి జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయాను. ఏదో చలిదేశం మనిషి రాశాడు, ఉల్లిపాయల బుట్ట కనిపించగానే నాకు అర్థమైపోయింది అని. దాన్ని ఎంతమందో మెచ్చుకున్నారు.

మా షావుకారుగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మాటను ఎవరికీ మెచ్చుకునే అవకాశం లేకుండా నేనే తుంచేశాను. అందుకని నేను కూడా ఒక అభిప్రాయం రాశాను, మా ఊళ్ళో మామిడికాయల వ్యాపారి ఒకాయన, ఇంగ్లీషు రాకుండానే, ఈ సంగతి యాభై ఏళ్ళ కిందటే పట్టేశాడు, పక్కనున్న బి.ఏ. ఒకడు ఆయన నోరు మూయించాడు అని. మర్నాటికి ముగ్గురు మెచ్చుకున్నారు. ఎవరో ఆ ముగ్గురూ. వాళ్ళ మొహాలు చూడాలనిపించింది, ఆ వీలు లేదు. ఇప్పుడు అభిప్రాయాలకు కొదవ లేదు, పోగొట్టుకున్నదల్లా ఎదుటి మొహమే. ఆ రోజు షావుకారుగారి మొహం చూస్తూ కూడా నేను ఆయన మాట వినలేదు గనుక, దీని మీద నేను పెద్దగా మాట్లాడకూడదు.

మా బావగారికి ఫోను చేశాను. ఎనభై దాటారు, చెవి బాగానే ఉంది. డాక్టరు కాదండీ, ఇంటావిడ అన్నాను. అటునుంచి పెద్ద నవ్వు వినిపించింది.

“ఇన్నాళ్ళకు తెలిసిందేంట్రా నీకు? ఆ రోజు హాల్లోనే మీ ఆవిడ మీ అక్క చెవిలో చెప్పేసింది. ఇంటావిడ పట్టించిందంట, ఈయన డాక్టర్ని పట్టుకున్నాడు అని ఒకటే నవ్వంట ఇద్దరూ. మిషన్ ఆసుపత్రిలో దొరసానమ్మల దగ్గర ట్రైనింగైన పిల్లరా అది, ఆ ఇంగ్లీషు దానికో లెక్కా?”

“మరి నాతో ఎవరూ అనలేదేంటండీ బావగారూ?”

“అంటే నీ పెళ్ళి అయ్యేదా?”

“అయ్యాకన్నా చెప్పొచ్చుగా!”

“అయ్యాక చెబితే కాపురం నిలబడొద్దురా?”

అంటే మా ఇంట్లో తెలియంది నాకొక్కడికే. మా అక్క పోయి నాలుగేళ్ళయింది, ఆ నవ్వు మనసులోనే పెట్టుకుని పోయింది. నర్సు ఇంగ్లీషు అంటే మందుల పేర్ల వరకే అనుకున్నాను నేను. నేను నోరు మూసుకున్న రెండు నిమిషాల్లోనే ఆవిడకు సినిమా మొత్తం తెలిసిపోయింది. అంతా తెలిసి, సినిమా కంటే నేను చెప్పిందే బాగుందని అంది. ఆ మాట గురించి కొన్నాళ్ళు ఆలోచించాను. అది మెచ్చుకోలో, వేళాకోళమో, దయో తేలలేదు. అడుగుదామంటే అడిగే మొహం లేదు. బావగారి చేత మాత్రం ఒట్టు వేయించుకున్నాను, నాకు తెలిసినట్టు ఆవిడకు చెప్పకూడదని.

మొన్నటి ఆదివారం మామిడిపళ్ళకని చుట్టాలు దిగారు. భోజనాలయ్యాక, చేతులింకా రసంతో జిగటగా ఉండగానే, ఎవరో నన్ను ఆ సినిమా కథ చెప్పమన్నారు. చేతులు కడుక్కుని వస్తానని లోపలికి వెళ్ళి, వంటింట్లో చేయవలసింది చేసి వచ్చి, మొదలుపెట్టాను. సిపాయి వచ్చాడు, వాన వచ్చింది, అటక వచ్చింది. పొగమంచులో డాక్టరు సంచి తీసుకుని మెట్లు దిగాడు.

“అయ్యో, పొయ్యి మీద పాలున్నాయి” అని మా ఆవిడ కుర్చీలోంచి లేవబోయింది.

“పొయ్యి ఆపేసి, పాలు దించి, మూతపెట్టి వచ్చాను. కూర్చో” అన్నాను.

ఆవిడ నావైపు ఒకసారి చూసింది. కూర్చుంది. పెదవులు బిగబట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నలభై ఏళ్ళు డాక్టర్ల పక్కన పనిచేసిన ఆ మనిషి చివరిదాకా వినవలసివచ్చింది. డాక్టరుగారి తప్పేం లేదని తెలిసీ, ఆ రోజు ఆయన్ని ఓడరేవు చుట్టూ మూడుసార్లు పరుగెత్తించాను.